26 కుర్చీల లెక్క: జాతీయ ఫుట్‌బాల్ జట్టు ఎలా తయారవుతుంది?

2024 యూరో కప్పుకు ఇంగ్లండ్ కోచ్ గారెత్ సౌత్‌గేట్ మొదట 33 మందిని పిలిచాడు. జూన్ 6న ఆ జాబితా 26కు దిగింది. జాక్ గ్రీలిష్, జేమ్స్ మాడిసన్ పేర్లు ఎగిరిపోయేసరికి అభిమానులు భగ్గుమన్నారు. అసలు తికమక మాత్రం ఉంచినవాళ్లలో ఒకడి దగ్గర ఉంది. ల్యూక్ షా ఫిబ్రవరిలో గాయపడ్డాక ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా 26 మందిలో చోటు దక్కించుకున్నాడు. పైగా సహజంగా లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచు డిఫెండర్‌గా, ఆడేవాడు మొత్తం జట్టులో అతనొక్కడే.

తర్వాత ఏం జరిగిందో చూడండి. షా కోలుకునేదాకా కుడి కాలి ఆటగాడు కీరన్ ట్రిప్పియర్ ఎడమ పక్కన ఆడాల్సి వచ్చింది. బంతి అందుకున్న ప్రతిసారీ దాన్ని కుడి కాలి మీదికి మార్చుకోవాలి, ఆ లోపు ఎదుటి జట్టు సర్దుకుంటుంది. ఎడమ వైపు దాడి దాదాపు ఆగిపోయింది. క్వార్టర్ ఫైనల్ చివర్లో షా మైదానంలోకి దిగాడు, ఫైనల్లో మొదటి నిమిషం నుంచీ ఆడాడు. మరి సౌత్‌గేట్ చేసింది తప్పా, ఒప్పా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే జట్టు ఎంపిక ఎలా సాగుతుందో మొదటి నుంచి చూడాలి. మనం బయట కూర్చుని "దేశంలో బాగా ఆడే 26 మంది ఎవరు?" అని వెతుకుతాం. కోచ్ ముందున్న ప్రశ్న వేరు. నెల రోజుల్లో ఏమేం జరగొచ్చు, జరిగినప్పుడు ఆ చోట ఎవరు నిలబడతారు అన్నది అతని బెంగ.

రెండు జాబితాలు, ఒక గడువు

ప్రపంచ కప్పులో 1998 దాకా జట్టుకు 22 మంది. 2002 నుంచి 23. 2022లో ఖతార్ టోర్నీకి 26 అయింది. ఆ ఏడాది టోర్నీ నవంబరులో, క్లబ్ సీజన్ నడుమ వచ్చిపడింది. నవంబర్ 13 దాకా లీగ్ మ్యాచులు నడిచాయి, 20న ప్రపంచ కప్ మొదలైంది. మామూలుగా దొరికే రెండు మూడు వారాల సన్నాహం వారానికి కుదించుకుపోయింది, కోవిడ్ భయమూ పూర్తిగా పోలేదు. అందుకే మూడు కుర్చీలు ఎక్కువ వేశారు. ఆ తర్వాత యూరో 2024లో కూడా 26 దాకా అనుమతించారు. మహిళల ప్రపంచ కప్ మాత్రం 2023లోనూ 23 దగ్గరే ఉంది.

ఈ సంఖ్య విషయంలో ఒక మెలిక తరచూ కన్ను దాటిపోతుంది. జట్టులో 26 మంది ఉండటం, మ్యాచ్ రోజున 26 మందీ అందుబాటులో ఉండటం ఒకటే అనుకోకూడదు. 2021లో జరిగిన యూరో 2020లో 26 మందిని తీసుకెళ్లొచ్చుగానీ, ఒక్కో మ్యాచ్‌కు 23 మంది పేర్లే ఇవ్వాలి. ప్రతి మ్యాచ్‌కు ముగ్గురు స్టాండ్స్‌లో కూర్చున్నారు. ఖతార్‌లో అలా లేదు. 11 మంది మైదానంలో, మిగతా 15 మందీ బెంచ్ మీద.

2022లో పద్ధతి ఇలా సాగింది. ముందుగా 35 నుంచి 55 మంది దాకా పేర్లతో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు తాత్కాలిక జాబితా పంపాలి. అందులోంచి 23 నుంచి 26 మందితో తుది జాబితా. అందులో కనీసం ముగ్గురు గోల్‌కీపర్లు ఉండి తీరాలి. గడువు దాటాక ఎవరినైనా మార్చాలంటే దారి ఒక్కటే. తీవ్రమైన గాయమో అనారోగ్యమో అయి ఉండాలి, దాన్ని జట్టు వైద్యుడితో పాటు ఫిఫా వైద్యాధికారి కూడా ఒప్పుకోవాలి. అదీ తమ మొదటి మ్యాచ్‌కు 24 గంటల ముందు వరకే. ఆ గంట దాటితే తలుపు మూసేసినట్టే. తర్వాత ఎవరికి ఏమైనా ఆ కుర్చీ టోర్నీ చివరిదాకా ఖాళీ.

ఈ 24 గంటల నియమాన్ని గుర్తుపెట్టుకోండి. ఎంపికలో కనిపించే వింతల్లో సగం దాని వల్ల పుట్టినవే.

23 అనే అంకె వెనక కూడిక

ముగ్గురు గోల్‌కీపర్లు. మిగతా పది స్థానాలకు ఒక్కోదానికి ఇద్దరు చొప్పున 20. మొత్తం 23. పాత సంఖ్య అంత చక్కగా అతికింది కాబట్టే కోచ్‌లు ఇప్పటికీ కాగితం మీద మొదట 23 గడులే గీస్తారు. ఆ 23కు పైన చేర్చే చివరి మూడు పేర్లు వేరే లెక్కలో వస్తాయి.

ఇక్కడ రెండో సౌకర్యం కూడా ఉంది, అది ప్రాక్టీసు మైదానంలో తెలుస్తుంది. 23 మంది ఉంటే పదకొండు మందితో పదకొండు మంది పూర్తి స్థాయి ఆట ఆడించొచ్చు, ఒక గోల్‌కీపర్ మాత్రం పక్కన వేరే సాధన చేసుకుంటాడు. 26 మంది ఉంటే ఒక గోల్‌కీపర్‌తో పాటు ముగ్గురు బయట ఆటగాళ్లు గీత అవతల నిలబడి చూడాలి. రోజూ వాళ్లే నిలబడితే మొహాలు మారిపోతాయి. ఒక రోజు, రెండు రోజులు ఓర్చుకుంటారు. నాలుగు వారాలు ఒకే హోటల్లో, ఒకే భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి కదా.

కొందరు కోచ్‌లు ఉన్న కుర్చీలన్నీ నింపకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. యూరో 2020కి 26 మందిని తీసుకెళ్లే వీలున్నా స్పెయిన్ కోచ్ లూయిస్ ఎన్రికే 24 మందితోనే వెళ్లాడు, సెమీఫైనల్ దాకా చేరాడు. ఫ్రాన్స్ కోచ్ దిదియే దెషాం 2022లో మొదట ప్రకటించింది 25 మందినే, 2024 యూరోకు కూడా అంతే. నా మటుకు నాకు ఇది సరైన పద్ధతిగానే తోస్తుంది. ఆడే అవకాశం లేని ఆటగాడు ఎంత మంచివాడైనా శిబిరంలో భారమే, అతని క్లబ్‌కూ అది నష్టమే.

కానీ 23 గడులు గీయడం తేలిక, నింపడమే కష్టం. ఒక్కో స్థానానికి ఇద్దరు అన్నాం. ఆ ఇద్దరూ ఒకేలా ఆడాలా, వేర్వేరుగా ఆడాలా? మొదటి స్ట్రైకర్ పొడగరి, తలతో బంతి అందుకునేవాడు అనుకుందాం. రెండోవాడు కూడా అలాంటివాడే అయితే మొదటివాడికి గాయమైనా ఆటతీరు మారదు. రెండోవాడు ఎదుటి డిఫెండర్ల వెనక ఖాళీలోకి వేగంగా దూసుకెళ్లేవాడైతే ఆట మార్చాల్సిన రోజున పనికొస్తాడు, కానీ మొదటివాడు పడిపోతే పథకం మొత్తం తిరగరాయాలి. ఎక్కువమంది కోచ్‌లు డిఫెన్స్‌లో ఒకేలాంటి జంటలను, దాడిలో వేర్వేరు రకాలను కోరుకుంటారు. డిఫెన్స్‌కు కావలసింది అలవాటు. దాడికి కావలసింది ఎదుటివాడు ఊహించనిది.

ఆపైన కాలు లెక్క. ఎడమ కాలి ఆటగాళ్లు ఎక్కడైనా తక్కువే. లెఫ్ట్ బ్యాక్, ఎడమ పక్క సెంటర్ బ్యాక్ (మధ్యలో ఆడే డిఫెండర్) స్థానాలకు వాళ్లే కావాలి. అందుకే పెద్ద పెద్ద దేశాలు కూడా ఈ మూలలోనే తడబడతాయి. కుడి కాలివాడు ఎడమ పక్క ఆడలేడని కాదు, ఆడతాడు. కానీ గీత వెంట పరిగెత్తుతూ బంతిని గోల్ ముందుకు వేయాల్సినప్పుడు లోపలికి తిరగాల్సి వస్తుంది. ముందున్న వింగర్, అంటే అంచు నుంచి దాడి చేసేవాడు, కూడా లోపలికే వస్తే ఇద్దరూ ఒకే చోట ఇరుక్కుంటారు.

ఈ ఇబ్బందికి మందు, రెండు మూడు స్థానాల్లో ఆడగలిగినవాడు. కోచ్‌లు ఇలాంటివాళ్లను ప్రాణంగా చూసుకుంటారు, అభిమానులు మాత్రం "వీడెందుకు?" అంటారు. కుడి పక్క, ఎడమ పక్క, అవసరమైతే మధ్యలో కూడా ఆడగల డిఫెండర్ ఒక్కడుంటే ఒక కుర్చీ మిగులుతుంది. ఆ మిగిలిన కుర్చీలోకే పెనాల్టీ నిపుణుడో, చివరి ఇరవై నిమిషాల్లో వేగంతో చీల్చేవాడో వస్తాడు. ప్రతిభలో 24వ స్థానంలో ఉన్నవాడు 18వ వాడిని దాటి జట్టులోకి రావడం వెనక చాలాసార్లు ఉండే సంగతి ఇదే.

కార్డులూ లెక్కలోకి వస్తాయి. ఖతార్ నియమాల ప్రకారం క్వార్టర్ ఫైనల్ ముగిసేలోపు వేర్వేరు మ్యాచుల్లో రెండు ఎల్లో కార్డులు పడితే తర్వాతి మ్యాచ్ ఆడకూడదు. క్వార్టర్ ఫైనల్ దాటితే పాత కార్డులు చెరిపేస్తారు. డిఫెన్స్ ముందు ఆడే మిడ్‌ఫీల్డర్‌కే కార్డులు పడే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఆ స్థానానికి ఇద్దరు చాలరు, మూడోవాడు కూడా ఉండాలని చూస్తారు. ఇక అయిదుగురు సబ్‌స్టిట్యూట్లకు, అదనపు సమయంలో ఆరో వాడికి అనుమతి వచ్చాక బెంచ్ విలువే మారిపోయింది. మైదానంలో ఉన్న జట్టులో సగాన్ని మార్చేయొచ్చు. ముగ్గురినే మార్చే రోజుల్లో "పూర్తి మ్యాచ్ ఆడగలడా?" అనేది ప్రధాన ప్రశ్న. ఇప్పుడు "ముప్పయి నిమిషాల్లో ఏం చేయగలడు?" అన్నదానికీ అంత బరువుంది.

గాయపడినవాడిని తీసుకెళ్లాలా?

ఎంపికలో అన్నింటికంటే ఖరీదైన తప్పులు ఇక్కడే జరుగుతాయి.

లెక్క చివరి నుంచి మొదటికి వేస్తారు. మొదటి మ్యాచ్ తేదీ తీసుకుని వెనక్కి వెళ్తారు. మ్యాచ్ ఆడాలంటే కనీసం వారం రోజులు జట్టుతో పూర్తి సాధన చేసి ఉండాలి. దానికి ముందు దిశ మార్చుతూ పరుగు, బంతితో పని. దానికి ముందు పూర్తి వేగంతో పరుగు. దానికి ముందు నేరుగా నెమ్మదిగా పరుగు. ఈ మెట్లలో ప్రస్తుతం ఏ మెట్టు మీద ఉన్నాడో వైద్యుడు చెబుతాడు. తొడ వెనక కండరం కొద్దిగా చిరిగితే రెండు మూడు వారాల్లో తిరిగొస్తాడు, బాగా చిరిగితే రెండు నెలలు కూడా పట్టొచ్చు. అన్నింటికంటే మోసం చేసే మెట్టు పూర్తి వేగపు పరుగు. అప్పటిదాకా అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, అక్కడే కండరం మళ్లీ పట్టేస్తుంది.

2006 ప్రపంచ కప్పులో ఇంగ్లండ్ చేసిన పని ఈ విషయంలో పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గది. స్వెన్ గోరాన్ ఎరిక్సన్ నలుగురు స్ట్రైకర్లను తీసుకెళ్లాడు. వేన్ రూనీకి ఏప్రిల్ 29న పాదం ఎముక విరిగింది. మైఖేల్ ఓవెన్ అలాంటి గాయం నుంచే అప్పుడప్పుడే కోలుకున్నాడు. మూడోవాడు పీటర్ క్రౌచ్. నాలుగోవాడు థియో వాల్‌కాట్, వయసు 17, అప్పటికి ప్రీమియర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. స్వీడన్‌తో ఆట మొదలైన మొదటి నిమిషంలోనే ఓవెన్ మోకాలు పోయింది. రూనీ జూన్ 15న తిరిగొచ్చాడు కానీ క్వార్టర్ ఫైనల్లో రెడ్ కార్డు తెచ్చుకున్నాడు. వాల్‌కాట్ ఒక్క నిమిషం కూడా ఆడలేదు. పరిశీలిస్తే తప్పు రూనీని తీసుకెళ్లడంలో లేదు. అంతటి ఆటగాడి కోసం ఆ పందెం కాయొచ్చు. ఒకే స్థానంలో రెండు పందేలు కాసి, మూడో రక్షణగా ఉండాల్సిన కుర్చీలో ఆడించడానికి తనకే నమ్మకం లేని కుర్రాడిని కూర్చోబెట్టడం అసలు తప్పు.

ఈ కొలతతో సౌత్‌గేట్‌ను చూడండి. షా కోసం పందెం కాయడం సమంజసమే, 26 కుర్చీలున్నప్పుడు ఒక కుర్చీ అలా వాడుకోవచ్చు. కానీ షా ఉన్న స్థానంలో సహజమైన రెండోవాడు లేడు. పందెం కాసేది ఎక్కడో అక్కడే వెనక దన్ను కూడా బలంగా ఉండాలి. అతను తీసేసిన దాడి ఆటగాళ్ల గురించి జనం అరిచారు, నిజంగా కొరత పడింది ఎడమ మూలలో.

గాయపడినవాడి స్థానంలో పిలిచేవాడు అదే స్థానపు ఆటగాడు కావాలన్న నియమం లేదు. 2014లో జర్మనీకి చివరి సన్నాహక మ్యాచులో మార్కో రాయిస్ గాయపడ్డాడు. వింగర్ పోయాడు కదా, ఇంకో వింగర్‌ను పిలుస్తారనుకున్నారు. యోయాకిం లోవ్ డిఫెండర్ ష్కోద్రాన్ ముస్తాఫీని పిలిచాడు. ఎందుకంటే ముందు వరసలో మనుషులున్నారు, వెనక కొరత ఉంది. 2022లో సెనెగల్ కూడా అంతే. సాదియో మానే నవంబర్ 8న క్లబ్ మ్యాచులో గాయపడ్డాడు. ఆశతో జట్టులో ఉంచారు, 17న మళ్లీ స్కాన్ తీసి ఆడలేడని తేల్చారు. బదులుగా వచ్చింది డిఫెండర్ మూసా ఎన్‌డియాయే. కుర్చీ ఒకటి ఖాళీ అయినప్పుడు మొత్తం లెక్క మళ్లీ మొదటి నుంచి వేస్తారనడానికి ఇంతకంటే తేట ఉదాహరణలు దొరకవు.

మామూలు ఫామ్ సంగతి ఈ గాయాల పక్కన నిజానికి చిన్నదే. ఈ సీజన్లో ఎన్ని గోల్స్ కొట్టాడు అనేది ఒక సూచిక, అంతకు మించి బరువు దానికి లేదు. 1982లో ఇటలీ కోచ్ ఎంజో బెయార్జోత్ రెండేళ్ల నిషేధం అప్పుడే ముగిసిన పాలో రోసీని తీసుకెళ్లాడు. ఇటాలియన్ లీగ్‌లో గోల్స్ వరద పారించిన రొబెర్టో ప్రుజ్జోను ఇంట్లో వదిలాడు. రోసీ మొదటి నాలుగు మ్యాచుల్లో ఒక్క గోల్ కొట్టలేదు, మిగతా మూడింట్లో ఆరు కొట్టాడు, కప్పు ఇటలీకి వచ్చింది. దీన్ని ఆదర్శంగా తీసుకోమని ఏ కోచ్‌కూ సలహా ఇవ్వను. పది మందిలో తొమ్మిది మంది విషయంలో ఇలాంటి పందెం మునుగుతుంది.

గోల్‌కీపర్ల ప్రత్యేక న్యాయం

మూడో గోల్‌కీపర్ ఉద్యోగం ఫుట్‌బాల్‌లోనే విచిత్రమైనది. దాదాపు ఖాయంగా ఆడడు, అయినా లేకుండా కుదరదు. అందుకే ఆ కుర్చీకి స్వభావం చూసి ఎంపిక చేస్తారు. రోజూ సాధనలో వందల షాట్లు ఓపిగ్గా ఎదుర్కోవాలి, అలగకూడదు, మొదటివాడితో పోటీ పడుతూనే అతనికి తోడుగా ఉండాలి. తరచూ ఆ చోటికి పెద్ద వయసువాడు, అన్నీ చూసినవాడు వస్తాడు.

ఈ కుర్చీని తెలివిగా వాడుకుందామని చూసి దెబ్బతిన్న జట్టు ఉత్తర కొరియా. 2010లో ముగ్గురు గోల్‌కీపర్లు తప్పనిసరి అన్న నిబంధనను దాటడానికి స్ట్రైకర్ కిమ్ మ్యోంగ్ వన్ పేరును గోల్‌కీపర్‌గా రాసి పంపారు. ఫిఫా జవాబు సూటిగా వచ్చింది. గోల్‌కీపర్ అని రాశారు కాబట్టి గోల్‌లోనే నిలబడాలి, బయట ఆడటానికి వీల్లేదు. అదనపు స్ట్రైకర్ దక్కలేదు సరికదా, ఉన్న స్ట్రైకర్ కూడా పోయాడు.

దీనికి నేరుగా వ్యతిరేకం 2014లో నెదర్లాండ్స్. కోస్టారికాతో క్వార్టర్ ఫైనల్, అదనపు సమయం చివరి నిమిషం. లూయీ వాన్ హాల్ మొదటి గోల్‌కీపర్ యాస్పర్ సిలెసెన్‌ను బయటకు పిలిచి, పెనాల్టీల కోసమే టిమ్ క్రుల్‌ను దింపాడు. క్రుల్ రెండు ఆపాడు, నెదర్లాండ్స్ గెలిచింది. అయితే ఈ ఎత్తుకు ఒక ధర ఉంది. మూడే మార్పులు అనుమతించే రోజుల్లో ఒకటి చివరిదాకా దాచుకోవాలి. అర్జెంటీనాతో సెమీఫైనల్లో మూడూ అయిపోయాయి, సిలెసెనే పెనాల్టీలు ఎదుర్కొన్నాడు, ఓడిపోయారు. మూడో స్థానం కోసం ఆడిన మ్యాచులో మూడో గోల్‌కీపర్ మిహెల్ వోర్మ్ కూడా దిగడంతో ఆ 23 మందీ మైదానంలో అడుగుపెట్టినట్టయింది. 2022లో బ్రెజిల్ 26 మందినీ ఆడించింది. ఇలాంటివి అరుదు.

యూరో 2024లో గోల్‌కీపర్లకు మరో వెసులుబాటు ఉంది. గాయమో అనారోగ్యమో అయితే టోర్నీ నడుమ కూడా గోల్‌కీపర్‌ను మార్చుకోవచ్చు, మిగతావాళ్లకు వర్తించే తొలి మ్యాచ్ గడువు వాళ్లకు వర్తించదు.

పాస్‌పోర్టు చూడకపోతే

ఆటగాడు బాగున్నాడు, ఆరోగ్యంగా ఉన్నాడు, స్థానం ఖాళీగా ఉంది. ఇంకా ఒక గడప మిగిలింది: అతను ఆ దేశం తరఫున ఆడటానికి అర్హుడేనా? పౌరసత్వం ఉంటే చాలనుకుంటే పొరపాటు. ఫిఫా ఇంకో బంధం కూడా అడుగుతుంది. ఆ దేశంలో పుట్టి ఉండాలి, లేదా కన్నతల్లో తండ్రో, అవ్వో తాతో అక్కడ పుట్టి ఉండాలి. ఇవేవీ లేకపోతే అక్కడ నివసించిన కాలం చూస్తారు. పదేళ్ల లోపు వయసులో వచ్చి ఉంటే కనీసం మూడేళ్లు, ఆ తర్వాత వచ్చి ఉంటే కనీసం అయిదేళ్లు.

ఈ అయిదేళ్ల లెక్క తప్పి బొలీవియా ఎంత కలకలం రేపిందో చెప్పాలి. 2016లో ప్రపంచ కప్ అర్హత మ్యాచుల్లో పరాగ్వేలో పుట్టిన నెల్సన్ కబ్రెరాను రెండుసార్లు సబ్‌స్టిట్యూట్‌గా దింపింది. ఒకటి పెరూ మీద, 2-0తో గెలిచింది. మరొకటి చిలీతో, 0-0. అతనికి నివాస కాలం పూర్తి కాలేదని తేలింది. ఫిఫా రెండు మ్యాచులనూ 3-0తో ఎదుటి జట్లకు ఇచ్చేసింది. ఫిర్యాదు చేసిన చిలీకి రెండు పాయింట్లు కలిశాయి. అడగకుండానే పెరూకు మూడు కలిశాయి. చివరికి రెండు జట్లూ 26 పాయింట్ల దగ్గర ఆగాయి, గోల్ తేడాతో పెరూ ప్లేఆఫ్‌కు వెళ్లి అక్కడి నుంచి 2018 ప్రపంచ కప్పుకు చేరింది, చిలీ ఇంట్లో కూర్చుంది. కబ్రెరా సంగతి ఎవరూ కదపకపోయి ఉంటే ప్లేఆఫ్ చోటు చిలీదే. 2022లో ఈక్వడార్ ఆటగాడు బైరన్ కాస్టిలో అర్హత మీద కూడా చిలీయే ఫిర్యాదు చేసింది. ఈక్వడార్ 2022 టోర్నీలో ఆడింది కానీ కాస్టిలోను జట్టులోకి తీసుకోలేదు, పైగా తర్వాతి అర్హత పోటీలను మైనస్ మూడు పాయింట్లతో మొదలుపెట్టింది.

రెండు దేశాలకు అర్హుడైన కుర్రాడి విషయంలో ఎంపిక ఇంకొంచెం సున్నితం. స్నేహపూర్వక మ్యాచ్ ఆడితే కట్టుబడినట్టు కాదు. డియేగో కోస్టా 2013లో బ్రెజిల్ తరఫున రెండు స్నేహపూర్వక మ్యాచులు ఆడి, 2014 ప్రపంచ కప్పులో స్పెయిన్ చొక్కాతో కనిపించాడు. పోటీ మ్యాచ్ అయితే పాత నియమం ప్రకారం ఒక్కటి చాలు, ద్వారం మూసుకుపోతుంది. మునీర్ ఎల్ హదాది 19 ఏళ్ల వయసులో స్పెయిన్ తరఫున ఒక అర్హత మ్యాచులో చివర్లో కాసేపు ఆడాడు. ఆ కొద్ది నిమిషాల వల్ల 2018 ప్రపంచ కప్పుకు మొరాకో తరఫున ఆడలేకపోయాడు. 2020లో ఫిఫా నియమం సడలించింది. 21 ఏళ్లు నిండకముందు మూడుకు మించకుండా మ్యాచులు ఆడి, చివరి మ్యాచ్ తర్వాత మూడేళ్లు గడిస్తే మారొచ్చు. అయితే ప్రపంచ కప్పులోనో ఖండ స్థాయి కప్పు ప్రధాన టోర్నీలోనో ఒక్క నిమిషం ఆడినా ఇక మార్పు లేదు. బెంచ్ మీద కూర్చున్నంత మాత్రాన ఏమీ కాదు, గీత దాటి లోపలికి అడుగుపెట్టడమే లెక్క. మూడు గోల్స్ ఆధిక్యంలో ఉన్న మ్యాచులో 85వ నిమిషాన 19 ఏళ్ల కుర్రాడిని ఎందుకు దింపారా అని మీకు ఎప్పుడైనా అనిపిస్తే, ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోండి.

క్లబ్బు ఒప్పుకోవాలా?

ఫిఫా క్యాలెండర్‌లో ఉన్న తేదీలకు క్లబ్బు తన ఆటగాడిని వదలక తప్పదు. కనీసం 15 రోజుల ముందు ఆటగాడికి రాతపూర్వకంగా పిలుపు వెళ్లాలి, క్లబ్బుకూ అప్పుడే తెలియజేయాలి. గాయమైంది రాలేనంటే, జాతీయ సమాఖ్య కోరితే దాని వైద్యుడి ముందు పరీక్షకు వెళ్లాలి. రావాల్సినవాడు రాకపోతే ఆ వ్యవధిలోనూ, ఆపై మరో అయిదు రోజులూ క్లబ్ తరఫున ఆడకూడదు. ఒలింపిక్స్ ఈ క్యాలెండర్‌లో లేదు, అందుకే ఒలింపిక్ జట్టు ఎంపికలో మంచి ఆటగాళ్లు దొరకాలంటే క్లబ్బులను బతిమాలుకోవాల్సి వస్తుంది.

డబ్బు విషయం కూడా ఉంది. 2022 ప్రపంచ కప్పుకు ఆటగాళ్లను పంపినందుకు క్లబ్బులకు ఫిఫా 20.9 కోట్ల డాలర్లు పంచింది. ఆటగాడు టోర్నీలో ఉన్న ఒక్కో రోజుకు సుమారు 10,000 డాలర్లు. దేశం తరఫున ఆడుతూ గాయపడి 28 రోజులకు మించి దూరమైతే జీతం భరించడానికి బీమా పథకం వేరే ఉంది, గరిష్ఠంగా 75 లక్షల యూరోలు.

పిలిచినవాళ్లంతా వస్తారని కూడా లేదు. 2018లో ఫ్రాన్స్ స్టాండ్‌బై జాబితాలో పేరు చూసి ఆద్రియెన్ రాబియో నాకొద్దన్నాడు. 2022 సెప్టెంబరులో స్పెయిన్ మహిళా జట్టులో 15 మంది, పరిస్థితులు మారేదాకా ఎంపికకు తమను పరిగణించవద్దని సమాఖ్యకు రాశారు. మరుసటి ఏడాది ప్రపంచ కప్ గెలిచిన జట్టులో వాళ్లలో ముగ్గురే ఉన్నారు.

ఒక ఫైనల్, చివరి కుర్చీలు

ఈ లెక్కలన్నీ ఒకే మ్యాచులో కనిపించిన రోజు 2022 డిసెంబర్ 18. దాని వెనక ఫ్రాన్స్ జట్టు కథ నెల ముందు మొదలైంది. దెషాం 25 మందిని ప్రకటించాడు. ప్రెస్నెల్ కింపెంబే తాను సిద్ధంగా లేనని తప్పుకున్నాడు, ఆక్సెల్ దిసాసి వచ్చాడు. మార్కస్ తురామ్‌ను 26వ వాడిగా చేర్చారు. క్రిస్టఫర్ ఎన్‌కుంకు సాధనలో గాయపడ్డాడు, రాందాల్ కోలో మువానీని పిలిచారు. టోర్నీ మొదలవడానికి ముందు రోజు కరీం బెంజెమా తొడ కండరం పట్టేసింది. గడువు ఇంకా ఉన్నా దెషాం ఎవరినీ పిలవలేదు. ఆస్ట్రేలియాతో మొదటి మ్యాచ్ మొదటి నిమిషాల్లోనే లెఫ్ట్ బ్యాక్ లూకాస్ హెర్నాండెజ్ మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి 24 గంటల తలుపు మూసుకుపోయింది. మిగిలింది 24 మంది, సహజమైన లెఫ్ట్ బ్యాక్ ఒక్కడే, లూకాస్ తమ్ముడు థియో. అతనికి విశ్రాంతి ఇవ్వాలన్నా మార్చాలన్నా మిడ్‌ఫీల్డర్ ఎదువార్దో కమవింగా ఆ మూలకు వెళ్లాలి. మళ్లీ అదే ఎడమ మూల.

ఫైనల్లో అర్జెంటీనా 2-0తో ముందుంది. విరామానికి ముందే దెషాం ఒలివియే జిరూ, ఉస్మాన్ దెంబేలేలను తీసేసి తురామ్‌ను, కోలో మువానీని దింపాడు. ఒకడు చివర చేర్చిన 26వ వాడు, ఇంకొకడు బదులుగా వచ్చినవాడు. 71వ నిమిషంలో థియో స్థానంలో కమవింగా లెఫ్ట్ బ్యాక్‌గా వచ్చి ఆ పక్కన ఆటకు ఊపిరి పోశాడు. 80వ నిమిషానికి ముందు పెనాల్టీ తెచ్చింది కోలో మువానీ. మరుసటి నిమిషంలో ఎంబాపే కొట్టిన రెండో గోల్‌కు బంతి అందించింది తురామ్. అదనపు సమయం చిట్టచివర గోల్‌కీపర్ ఎమిలియానో మార్టినెజ్ ఎడమ కాలు చాపి ఆపిన బంతి కూడా కోలో మువానీ కొట్టిందే.

ఎదుటి బెంచ్ మీద పాలో డిబాలా ఉన్నాడు. అక్టోబరులో క్లబ్ తరఫున పెనాల్టీ కొడుతూ తొడ కండరం చించుకున్నాడు. అయినా లియోనెల్ స్కలోని అతన్ని తీసుకెళ్లాడు. సెమీఫైనల్లో పావుగంట ఆడించాడు, ఫైనల్లో అదనపు సమయం ముగిసే ఘడియలో, డిఫెండర్ తాలియాఫికోను తీసేసి దింపాడు. ఆ దశలో డిఫెండర్‌తో పని లేదు, పెనాల్టీ కొట్టేవాడు కావాలి. షూటౌట్‌లో డిబాలా బంతిని నేరుగా గోల్ మధ్యలోకి కొట్టాడు. లోపలికి వెళ్లింది.